చక్కెర వేసిన టీ

ప్రొద్దుటూరు బస్టాండులో ఒక పెద్దామె నా పక్కన కూర్చుని పులివెందుల బస్సు కోసం చూస్తోంది. వాళ్ల ఊరావిడ ఒకామె జమ్మలమడుగు బస్సెక్కి, కిటికీలోంచి "షుగరు మాత్రలు మర్చిపోవద్దక్కా" అని అరిచింది. ఈమె తలూపింది. ఆ బస్సు గేటు దాటాక టీ అమ్మే అతన్ని పిలిచింది.

"ఇంగో రెండు స్పూన్లు చక్కెర ఎయ్యప్పా."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "షుగరుందంట గదా పెద్దమ్మా?" అన్నాను.

ఆమె నాది ఏ ఊరో అడిగింది. వాళ్ల వైపు కాదని తెలిశాక గొంతు తగ్గించింది.

"యాడి షుగరు పాపా! ఇయి మనసు బాగలేనోళ్లకిచ్చే మాత్రలు. ఏసుకుంటేనే నిద్ర పడ్తాది, ఏడుపు నిలుస్తాది. ఆ మాట చెప్తే పిచ్చిదంటారు, బిడ్డకు సంబంధాలు రావు. అందుకే షుగరని చెప్పినా. బిడ్డ పెండ్లిలో గూడా నా ఇస్తరాకులో ఎవరూ లడ్డు ఏయల్యా."

"పెళ్లయిపోయింది గదా, ఇప్పుడైనా కూతురికి చెప్పలేదా?"

"యాడ చెప్పేది? దానికీ షుగరనే తెలుసు."

గ్లాసు అడుగున మిగిలిన చక్కెర వేలితో తీసుకుని తింది. కొంగుతో మూతి తుడుచుకుని బస్సెక్కింది.

మా అమ్మ కూడా ఏళ్ల తరబడి షుగరు మాత్రలు వేసుకుంది. దొంగచాటుగా బెల్లం తింటుంటే ఎన్నోసార్లు చేతిలోంచి లాక్కున్నాను. ఆమె పోయాక బీరువా సర్దితే రక్తపరీక్ష కాగితం ఒక్కటీ దొరకలేదు. పారేసి ఉంటుందిలే అనుకున్నాను, అప్పట్లో.