పువ్వు పాఠం సెప్టెంబరులో

అయిజ దగ్గరి ఒక ఊళ్లో ఐదో తరగతి దాకా ఉన్న బడిని ఎనిమిది దాకా పెంచినప్పుడు నన్ను అక్కడ సైన్సు టీచరుగా వేశారు. మాది పెద్దమందడి వైపు. వేరుశనగ, కంది తప్ప వేరే పంటలను నేను దగ్గరగా చూసింది లేదు. మొదటి వారంలోనే హెడ్మాస్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, కొత్త తరగతులకు ఏ నెలలో ఏ పాఠం చెబుతామో ప్రణాళిక రాసివ్వమన్నారు.

ఏడో తరగతి సైన్సులో మొక్కల ప్రత్యుత్పత్తి పాఠం పుస్తకం చివర్లో ఉంది. దాన్ని నేను సెప్టెంబరుకు జరిపాను. బడి గోడ దాటితే అన్నీ పత్తి చేలే. అప్పటికి పూత మీద ఉంటాయి, పువ్వును పిల్లల చేతిలో పెట్టి చూపించొచ్చు అనుకున్నాను. హెడ్మాస్టరు చదివి, "మంచి ఆలోచన మేడం" అని సంతకం పెట్టారు. అవి విత్తనాల కోసం వేసే పత్తి చేలని, సరిగ్గా ఆ నెలల్లోనే వాటిలో ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో రాసే క్రాసింగ్ పని నడుస్తుందని, ఆ పనికి ఆడపిల్లల సన్నటి వేళ్లే కావాలంటారని నాకు తెలియదు. నేను ఎవరినీ అడగలేదు.

ఆగస్టు చివరికి ఆడపిల్లల బెంచీలు ఖాళీ అవడం మొదలైంది. ఏమైందంటే "జరమొచ్చింది టీచర్" అనేవాళ్లు మిగిలినవాళ్లు. అంతమందికి ఒకేసారి జ్వరమేమిటని నాకు అనుమానం రాలేదు. ఏడో తరగతిలో చివరికి నలుగురు ఆడపిల్లలు మిగిలారు. వాళ్లలో ఒకమ్మాయి కిటికీ పక్కన కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు. తండ్రి పుణె వైపు వలస పోయాడు, తల్లి ఊళ్లోనే కూలికి పోతుంది.

పాఠం రోజు మధ్యాహ్నం పిల్లలందరినీ బడి వెనక చేనికి తీసుకెళ్లాను. ముందురోజే ఆ చేను రైతును అడిగితే రమ్మన్నాడు. కూలీలింకా చేనికి రాలేదు, అతనొక్కడే గట్టు మీద నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. నేనొక మొగ్గ తెంపి, రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు ఒక్కొక్కటీ విడదీయబోయాను. మొగ్గ నా చేతిలో చిదికిపోయింది. పిల్లలు నవ్వారు.

"అట్ల కాదు టీచర్," అంది ఆ అమ్మాయి. తనంతట తాను మాట్లాడటం అదే మొదటిసారి. "తెంపొద్దు. చెట్టుకే ఉండాలె."

కొమ్మ వంచి, రేపు విచ్చుకోబోయే మొగ్గను వెతికి పట్టుకుంది. బొటనవేలి గోటితో చుట్టూ గీసి ఒక్కసారి తిప్పింది. రేకులు, వాటితోపాటు పుప్పొడి గింజలున్న తొడుగు మొత్తం ఊడి వచ్చాయి. మధ్యలో కీలం ఒక్కటే తెల్లగా నిలిచింది, ఒక్క గీత కూడా పడకుండా.

"గోరు లోతుకు పోతే కాయ కట్టదు. రేపు పొద్దుగాల మగ పువ్వు తెచ్చి దీనికి రాయాలె," అంది.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"పోయినేడు మా చిన్నమ్మోళ్ల ఊర్ల చేసిన."

నేను సంబరపడిపోయాను. ఇంకోసారి చేసి చూపించమన్నాను. ఇంకోసారి. అందరిచేతా చప్పట్లు కొట్టించాను. గట్టు మీది రైతు దగ్గరికి వచ్చి, "పిల్ల చెయ్యి మస్తుగుంది. ఎవల బిడ్డ?" అని అడిగాడు. చెప్పింది నేనే. తల్లి పేరుతో సహా చెప్పాను.

మర్నాడు ఆ అమ్మాయి రాలేదు. మూడో రోజు కూడా రాకపోతే సాయంత్రం ఇంటికి వెళ్లాను. తల్లి అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నన్ను చూసి లోపలికి రమ్మనలేదు.

"ఆయన చేన్లకే నేను కైకిలి పోతున్న టీచరమ్మా. నా బిడ్డకు గా పని రాదని చెప్పుకుంటొచ్చిన ఇన్నొద్దులు. ఇప్పుడు కండ్లార సూసిండాయె. పంపకుంటే నన్ను గూడ రావొద్దంటడు. ఏం జెయ్యమంటరు?"

అక్కడి నుంచే రైతు దగ్గరికి వెళ్లాను. బతిమాలాను, హెడ్మాస్టరుతో చెప్పించాను. "ఒక్క రెండు నెలలే మేడం, తర్వాత మీ బిడ్డ మీకే," అని నవ్వాడు ఆ రైతు.

పూత అయిపోయాక, డిసెంబరులో, ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. గోళ్ల చుట్టూ చర్మం పగిలి నల్లగా ఉంది. లెక్కల్లో, ఇంగ్లిషులో బాగా వెనకబడింది. అయినా రోజూ వచ్చింది. ఏడాది పరీక్షలో పత్తి పువ్వులో పరాగ సంపర్కం గురించి నాలుగు మార్కుల ప్రశ్న ఇచ్చాను. తనకోసమే ఇచ్చానని ఒప్పుకోవాలి. ఒకటిన్నర పేజీ రాసింది. మొగ్గను ఎట్లా గుర్తుపట్టాలో, మబ్బు పట్టిన రోజు పుప్పొడి ఎందుకు అంటదో, వేలు ఎంత మెల్లగా తిప్పాలో. కీలాగ్రం, పరాగకోశం అన్న మాటలు ఒక్కసారి కూడా లేవు. జవాబుల సూచిక పక్కన పెట్టుకుని రెండు మార్కులు వేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "నేను రాసింది తప్పా టీచర్?" అని అడిగింది.

"తప్పు కాదు. పుస్తకంలో ఉన్నట్టు రాయాలి," అన్నాను.

తలూపి వెళ్లిపోయింది. ఎనిమిదో తరగతికి రాలేదు. ఆ వేసవిలోనే నేను ఆ పాఠాన్ని జనవరికి మార్చాను. తర్వాత నాగర్‌కర్నూల్ వైపు బదిలీ అయ్యాను. అయినా ఏ బడిలో ఉన్నా, ఏడో తరగతి వాళ్లకు పువ్వు బొమ్మ గీస్తుంటే నా వెనక ఎవరో నిలబడి, తప్పు దిద్దడానికి నోరు తెరిచి ఊరుకున్నట్టు అనిపిస్తుంది. ఒకటి రెండుసార్లు సుద్దముక్క ఆపి వెనక్కి తిరిగి చూశాను. పిల్లలు రాసుకుంటున్నారు, అంతే.

మొన్న ఆగస్టులో గద్వాల బస్టాండులో ఆ అమ్మాయే నన్ను గుర్తుపట్టింది. నాకంటే పొడుగైంది. "బాగున్నరా టీచర్?" అని నా చేతిలో సంచీ అందుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పిల్లలను తోల్కపోతున్న, క్రాసింగ్ పనికి. పది మంది ఉన్నరు. ఈళ్లకు పని కొత్త గద, అంతా నేనే నేర్పిస్త," అంది. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. కొంచెం గర్వంగానే చెప్పింది.

నీళ్ల కుండీ దగ్గర ఆడపిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఇద్దరి ఒంటి మీద బడి యూనిఫాం ఉంది. వాళ్లు ఏ తరగతి అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఇంతలో మా బస్సు వచ్చింది. తనే సంచీ పైకి అందించి, "కిటికీ కాడ కూసోండ్రి టీచర్, గాలొస్తది," అంది.

నేను అడగలేదు.