ఎడమచేతి మౌస్

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఈ సంఘటన తర్వాత నమ్మడం మొదలుపెట్టానని కూడా అనను. కాలేజీ చర్చా పోటీల్లో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మాట్లాడి గెలిచినదాన్ని. ఒక మాట అన్నవాళ్లే దానికి రుజువు చూపాలని ఎదుటివాళ్లను నిలదీసినదాన్ని. అందుకే జరిగింది జరిగినట్టే చెబుతాను. తీర్పు చెప్పే స్థానంలో మాత్రం నేను లేను.

నన్ను ఆ పోటీలకు తయారు చేసింది మా అక్క. నేను అనుకూలమంటే తను ప్రతికూలం, నేను ప్రతికూలమంటే తను అనుకూలం. ఉదయగిరిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఇద్దరం వాదించుకునేవాళ్లం. తప్పులు దొరకాలని ఆ వాదనలను అక్క తన లాప్‌టాప్‌లో రికార్డు చేసేది.

నిరుడు అక్క జ్వరంతో చనిపోయింది. ఫోటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. గొంతు మాత్రం ఆ లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు. కొన్నాళ్లకు అదీ తెరుచుకోవడం మానేసింది. నేను ఉంటున్న ఆత్మకూరు నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ దాని మీది దుమ్ము తుడిచి నా ముందు పెట్టేది.

ఆత్మకూరులో కంప్యూటర్లు బాగుచేసే ఖాదర్ నా క్లాస్‌మేట్. డిస్కు చివరి దశలో ఉన్నట్టుందనీ, విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ అనే సిస్టమ్‌ను నడిపించి, డిస్కు కనబడితే ఫైళ్లు బయటికి తీసుకోవచ్చనీ చెప్పాడు. దాన్ని లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసే జోలికి మాత్రం పోవద్దని, పోతే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని హెచ్చరించాడు.

ఆదివారం మధ్యాహ్నం ఉదయగిరిలో మొదలుపెట్టాను. లినక్స్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి అక్క లాప్‌టాప్‌కు తగిలించాను. నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. ఖాదర్‌కు ఫోన్ చేశాను.

“ఏం మే, ట్రాక్టర్‌కి పాటలెక్కించినట్టు ఎక్కించినావా? కాపీ కొడితే పని చెయ్యదు. దానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉండాది, దాంతో రాయాల. డిబేట్లలో కప్పులు తెచ్చుకున్నావంట!”

అతను చెప్పినట్టే నా లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌ను మళ్లీ తయారు చేశాను. ఈసారి బయటి సిస్టమ్‌లను నడవనివ్వని ‘సెక్యూర్ బూట్’ అనే కాపలా అడ్డుపడింది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేశాక లినక్స్ తెర వచ్చింది. డిస్కు మాత్రం కనిపించలేదు.

అప్పుడే దానికి తగిలించిన అక్క మౌస్ తేడాగా ఉందని గమనించాను. ఎడమ బటన్ నొక్కితే మెనూ వస్తోంది, కుడి బటన్ నొక్కితే ఫోల్డరు తెరుచుకుంటోంది. మౌస్ పాడైందనుకుని నా లాప్‌టాప్‌కు తగిలించి చూశాను. సరిగ్గానే ఉంది. లినక్స్ సెట్టింగుల్లో వెతికితే ప్రధాన బటన్‌గా ‘కుడి’ ఎంచి ఉంది. ‘ఎడమ’కు మార్చి, డిస్కు కోసం యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాను.

మళ్లీ ‘కుడి’ అనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇలా పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌కు జ్ఞాపకం ఉండదు. వేసిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. పుట్టినప్పుడు దాని ప్రధాన బటన్ ఎడమే. నేను దాన్ని ‘కుడి’కి మార్చలేదు.

విసుగ్గా అమ్మతో అన్నాను. అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అది ఎడంచేత్తో కదా పట్టుకునేది,” అంది.

నిజమే. అక్క పుట్టుకతో ఎడమచేతి వాటం. ఆ చేత్తో ఏదిచ్చినా మా అవ్వ అందుకునేది కాదు. అందువల్ల తినడం, రాయడం అన్నీ కుడిచేతికి మార్చుకుంది. అవ్వకు అర్థం కాని వస్తువు మౌస్ ఒక్కటే. దాన్ని మాత్రం అక్క ఎడమచేత్తోనే పట్టుకునేది. ఆ చూపుడువేలు పడేది కుడి బటన్ మీద.

ఈసారి నేను సెట్టింగు మార్చలేదు. మౌస్‌ను ఎడమవైపు జరిపి, అలవాటు లేని చేత్తో పట్టుకున్నాను. మరోసారి ఆపి వేశాక డిస్కు కనిపించింది. పాడైపోతున్న డిస్కులు అలా కనబడి మాయమవడం మామూలేనని ఖాదర్ తర్వాత చెప్పాడు. దాన్ని నేను వింతల్లో చేర్చను.

ఒక్క రికార్డింగు బయటికి వచ్చింది. రెండోది సగంలో ఉండగా డిస్కు ఆగిపోయింది.

అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని విన్నాను. అది రికార్డు చేసిన రోజు మా అంశం సోమశిల జలాశయం ముంపు గ్రామాలు. పరిహారం ఇచ్చారు కాబట్టి న్యాయం జరిగినట్టేనని నేను ఎంతో ధీమాగా వాదిస్తున్నాను. తర్వాత అక్క గొంతు వచ్చింది.

“బాగా చెప్పినావు. మునిగిన ఇంటికి వెల కట్టినారు సరే. పొద్దున లేచి ఏ వాకిట్లోకి పోవాలో తెలీక నిలబడిపోయే మనిషికి ఏం కడతారు?”

నేను జవాబు కోసం తడుముకుంటుండగా వంటింట్లోంచి అమ్మ కేక: “రాండే ఇద్దరూ, అన్నం చల్లారిపోతాది.”

అక్కడితో రికార్డింగు అయిపోయింది. అమ్మ, “ఇద్దర్నీ పిలిచినాను,” అని మాత్రం అంది.

పెన్‌డ్రైవ్‌ను ఖాదర్ తన షాపులోని యంత్రాల మీద నడిపి చూశాడు. మౌస్ మామూలుగానే ఉంది. నువ్వే ఎక్కడో మార్చి మరిచిపోయుంటావన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. కానీ యంత్రం ఆగితే నేను మార్చినదీ చెరిగిపోవాలి కదా అన్నాను.

అక్క గొంతు ఇప్పుడు అమ్మ ఫోన్‌లో ఉంది. నేను ఉదయగిరి వెళ్లినప్పుడల్లా అదే లాప్‌టాప్‌ను అదే పెన్‌డ్రైవ్‌తో వేస్తున్నాను. ప్రతిసారీ మౌస్ సవ్యంగానే ఉంటోంది. నేను మౌస్‌ను ఎడమచేతిలోకి తీసుకుని, కుడి బటన్ నొక్కి, ఈసారైనా తప్పుగా పనిచేస్తుందేమోనని చూస్తున్నాను.