చెక్‌పోస్టు నిద్ర

ఇంట్లో మంచమెక్కితే పెద్దడ్రైవరుకి కన్ను మూతపడదు. లారీ నడపడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆయన నిద్రంతా సరిహద్దు చెక్‌పోస్టు దగ్గరే. అక్కడ లారీల వరుస కొండచిలువలా పడుండేది. ఇంజను ఆపి స్టీరింగు మీద తల వాల్చితే చాలు, ఒళ్లు తెలిసేది కాదు. వరుస కదిలితే వెనక లారీవాడు దిగొచ్చి ముందువాడి తలుపు తట్టాలి, హారను కొట్టకూడదు. ఆ కట్టుబాటు తప్పినవాడితో ఆ దారిలో ఎవరూ మాట కలిపేవారు కాదు.

ఇప్పుడా దారిని వ్యాపార కారిడార్‌గా ప్రకటించారు. సరుకు ఎక్కడా ఆగకూడదట. చెక్‌పోస్టు ఎత్తేశారు.

"కారిడార్ అంటే ఆస్పత్రిలో ఉంటుందే, అదేనా?" అంది భార్య.

"అక్కడ కూర్చోడానికి బల్లలైనా ఉంటాయి. ఇక్కడ అవీ లేవు."

లారీ ఓనరు మాత్రం పొంగిపోయాడు. బండి రాగానే మళ్లీ సరుకెక్కించడం మొదలుపెట్టాడు.

"ఇక పడిగాపులు తప్పాయి బాబాయ్! రోడ్డు అద్దంలా ఉంది, కళ్లు మూసుకుని తోలొచ్చు."

"నా భయమూ అదే బాబూ."

ఓనరు పగలబడి నవ్వాడు.

ఒక మిట్టమధ్యాహ్నం అంత పనీ అయింది. గుంత లేదు, మలుపు లేదు. చూసిందే చూసి చూసి రెప్ప వాలింది. తేరుకునేసరికి లారీ పక్క వరుసలో పోతోంది. అటు ఏ బండీ లేదు కాబట్టి సరిపోయింది. బండిని అంచుకి తీసి ఆపాడు. గస్తీవాళ్లు వెంటనే వాలారు.

"ఇక్కడ ఆపకూడదు పెద్దాయనా. కదలండి."

"కాళ్లూ చేతులూ ఆడటం లేదయ్యా. కాసేపు..."

"అందరూ కాసేపే అంటారు. పదండి, పదండి."

ఇంటికొచ్చి సంగతి భార్యకి చెప్పాడు.

"మానెయ్యి," అంది ఆమె.

"మానేసి ఏం చెయ్యను?"

"నిద్రపో."

"అదే కదే రానిది!"

తెల్లవారాక ఓనరు దగ్గరికెళ్లాడు. వెళ్లొచ్చిన రోజు మళ్లీ బండెక్కనన్నాడు. ఓనరు ఈసారి నవ్వలేదు.

"అందరూ తోలుతున్నారు బాబాయ్. నీ ఒక్కడికే ఎలా కుదురుతుంది? పోనీ, గోడౌన్లో సరుకు చూసుకో."

పెద్దడ్రైవరు లారీ తాళాలు బల్లమీద పెట్టాడు. గుమ్మంలో నిలబడ్డ మరో డ్రైవరు ఆవులింత ఆపుకుంటూ వచ్చి వాటిని అందుకున్నాడు.

"పడుకున్నావా తమ్ముడూ?"

"ఎక్కడి నిద్ర అన్నా! ఇప్పుడేగా బండి దిగింది," అంటూ వాడు లారీ వైపు నడిచాడు.