చేతికీ చేతికీ నడుమ దస్తీ

రహీమున్నీసాకు కోపం ఎక్కువ. అమరచింత చుట్టుపక్కల ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానం ఇదొక్కటే. ఎందుకా కోపమని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెబుతుందని భయం.

2006లో ఆమె ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో విద్యా వాలంటీరు. ఊరి పేరు రాయను, ఆ ఊరికి పరువంటే ప్రాణం. తండ్రి ఇస్మాయిల్ సైకిల్ దుకాణం మూతబడ్డాక ఇంటికి ఆమె జీతమే ఆధారం. వాలంటీరును ఏటేటా పెట్టుకునేదీ, తీసేసేదీ ఊరి విద్యా కమిటీ. దాని ఛైర్మన్ బాలయ్య.

జట్టుగా ఆడితే పిల్లలకు కలుపుగోలుతనం, ఎదుటివాడి బాధ తెలుసుకునే గుణం అబ్బుతాయని మండల శిక్షణలో చెప్పారు. మిగతావాళ్లు అక్కడి ఉప్మా తిని వచ్చారు. ఈమె నమ్మి వచ్చింది.

మరునాడే గొలుసాట మొదలుపెట్టింది. దొంగ ముట్టుకున్నవాళ్లు దొంగ చెయ్యి పట్టుకోవాలి. అలా గొలుసు పెరుగుతూ మిగతావాళ్లను తరమాలి. చెయ్యి విడితే పట్టు చెల్లదు. సుమన గొలుసులో చేరేదాకా అంతా బాగానే ఉంది. సుమన దళితవాడ పిల్ల. ఆమె తర్వాత దొరికిన శ్రవణ్ కుమార్, బాలయ్య మనుమడు, జేబులోంచి చేతిరుమాలు తీసి, ఆ దస్తీ ఒక కొస తాను పట్టుకొని రెండో కొస ఆమెకు అందించాడు. తొమ్మిదేళ్లకే ఎంత మర్యాద! సుమన అలవాటైనదానిలా పట్టుకుంది. రహీమున్నీసాకు ఒళ్లు మండింది ఆ అలవాటు చూసి.

"దస్తీ లోపల వెట్టు. చెయ్యి వట్టుకో. లేకుంటే అరుగు మీద కూసో."

కూర్చున్నాడు. అందరూ అరుస్తూ పరుగెడుతుంటే అరుగు మీద పరువు కాపాడటం ఎంత విసుగో కొన్నాళ్లకు తెలిసొచ్చింది. తానే వచ్చి సుమన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంట్ల చెప్పొద్దు టీచర్. తాత తోలు తీస్తడు."

పిల్లలంతా చెప్పబోమని ఒట్టేశారు. కలుపుగోలుతనం పుట్టీ పుట్టగానే దాక్కోవడం నేర్చుకుంది.

ఒకనాడు బాలయ్య, హెడ్‌మాస్టర్ వెంకటయ్యను వెంటబెట్టుకొని, ఆట దగ్గరికే వచ్చాడు. గొలుసులో ఒక్క లంకె తెగింది. శ్రవణ్ దస్తీ బయటికొచ్చింది. సుమన తల వంచుకొని కొస పట్టుకుంది.

"శభాష్ బిడ్డా!" అన్నాడు బాలయ్య రహీమున్నీసాతో. "ఆటకు ఆట, పద్ధతికి పద్ధతి. వచ్చే యేడు గూడ నిన్నే వెట్టుకుంటం."

వెంకటయ్య కళ్లతోనే బతిమాలాడు: షుక్రియా అను తల్లీ, అయిపోతుంది.

"దస్తీ నేనే బంద్ చేయించిన పెద్దయ్యా," అంది రహీమున్నీసా. "రోజూ చేతులు వట్టుకునే ఆడుతున్నరు. పోరల తప్పేం లేదు. ఏమన్నుంటే నన్నడుగు."

బాలయ్య మనుమడి వైపు తిరిగాడు. "నిజమేనారా?"

"టీచర్ కొడ్తదని వట్టుకున్న తాతా."

"అబద్దం!"

సుమన గొంతు అంత పెద్దదని ఆ బడికి అప్పటిదాకా తెలియదు. "టీచర్ ఎన్నడు కొట్టలె! నువ్వే ఉరికొచ్చి వట్టుకున్నవ్! ఇప్పుడు తాత రాంగనే దస్తీ దీస్తవా? నేను వట్ట, పో!" దస్తీ దుమ్ములో పడింది.

బాలయ్య చెయ్యి లేచింది. ఎవరి మీదికో తేలకముందే రహీమున్నీసా పిల్లలిద్దరికీ అడ్డం నిలబడింది. "నన్ను కొట్టు పెద్దయ్యా, చూస్త!"

జూన్‌లో ఆమెను పెట్టుకోలేదు. పిల్లలను చెడగొట్టిందని కమిటీ నిర్ణయించింది. కమిటీ అన్న నిజం అదొక్కటే. సుమన ఆ తర్వాత ఎవరిచ్చిన కొసా పట్టుకోలేదు.