ఏడు కాగితాల అర్జీ

మా కోల్డ్ స్టోరేజీలో మూడో అంతస్తుకి యాభై నాలుగు మెట్లు. ఆ లెక్కలో తప్పుండదు. నలభై ఏళ్ళు వాటిని ఎక్కినవాణ్ణి నేను. నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోకి పోయింది. కుడికాలు ముందు మెట్టెక్కితే, ఎడమదాన్ని చేత్తో పట్టి దాని పక్కకి లాక్కోవాలి.

నకరికల్లు దాటాక రోడ్డు వారగా ఉంటుంది మా స్టోరేజీ. రైతులు మిరపకాయలు తెచ్చి దాచుకుంటారు. కాయలు నింపిన గోనెని మేము టిక్కీ అంటాం. ప్రతి రైతు సరుకుకీ ఒక నంబరు ఉంటుంది. దాన్ని టిక్కీల మీద ఎర్రరంగుతో రాస్తాం. సరుకు బయటికి తీసే రోజు గుమాస్తా పైకెక్కి, ఆ నంబరు చదివి, పుస్తకంతో సరిచూసి, "దించండి" అనాలి. అప్పుడే హమాలీ టిక్కీని వీపుకెత్తుకుంటాడు. ఆ గుమాస్తాని నేను.

ఈ పద్ధతి స్టోరేజీ కట్టించిన పెద్దాయన పెట్టింది. ఆ రోజుల్లో హమాలీలకి అక్షరం రాదు. ఒక ఏడాది రాజుపాలెం రైతు కాయలు నకరికల్లు రైతు ట్రాక్టరు మీదికెక్కాయి. రెండు ఊళ్ళవాళ్ళూ గేటు దగ్గర కర్రలు పట్టుకు నిలబడ్డారు. "ఇక మీదట చదువొచ్చినోడే పైకెక్కాలి" అన్నాడు పెద్దాయన. అక్కడ చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు చదువొచ్చింది బళ్ళో కాదు. "కుంటోణ్ణి ఇంత దూరం మోసుకొచ్చి ఏం ఉద్ధరిద్దామనయ్యా?" అని మా నాన్నని అడిగిన మేష్టారు నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన చొక్కాకి రెండో గుండీ ఊడిపోయి ఉండటం కూడా గుర్తే. మూడో నెలలోనే బడి మానిపించారు. బస్సుల బోర్డులు, టీ కొట్లో పేపరు, పకోడీలు కట్టిచ్చిన కాగితాలు, ఇవే నా పుస్తకాలు. ఆ చదువుతోనే ఊరందరికీ అర్జీలు రాసే స్థాయికి వచ్చాను. కరెంటు స్తంభం వంగినా, పింఛను ఆగినా మా అరుగు మీదికే వచ్చేవారు. వచ్చినవాళ్ళు తాతల నాటి కథ ఎత్తుకుంటే కసిరేవాణ్ణి. "ఊరి గోలంతా నాకెందుకు? నీకేం కావాలో ముందు చెప్పు. అది మొదటి వాక్యంలో ఉండాలి" అనేవాణ్ణి.

రెండేళ్ళ క్రితం నా కుడిమోకాలు మొండికేసింది. నరసరావుపేట డాక్టరు ఫొటో తీయించి చూసి, మెట్లు ఎక్కవద్దన్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను.

"మానేసి ఇంట్లో కూర్చో. నిన్నేమన్నా కొరుక్కు తింటానా?" అంది.

"ఏమే, ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావు?"

"అదీ నిజమేలే. రోజంతా నా వంటకి వంకలు పెడతావు. పోయి ఆ స్టోరేజీ వాళ్ళనే ఏదన్నా దారి చూడమని అడుగు."

అడగడమే నాకు చేతకాదు. ఊరందరి తరఫునా అడిగాను గానీ, నా కోసం ఎవరినీ ఏదీ అడిగింది లేదు. పైగా భయం. మెట్లెక్కలేనని నోరు జారితే, "పోనీలే బాబాయ్, ఇక విశ్రాంతి తీసుకో" అంటారు. శాలువా కప్పుతారు. గేటు దాకా సాగనంపుతారు. ఆ గేటు లోపల నేను గుమాస్తాని. బయట కుంటి తాతని. ఆ తేడా నాకు బాగా తెలుసు.

నేను పదో మెట్టు మీద ఆగి ఆయాసపడుతుంటే హమాలీల మేస్త్రీ చూశాడు. నలభై ఏళ్ళవాడు, వరసకి నన్ను మామా అంటాడు. "ఊరందరికీ రాస్తావు గదా మామా, నీకు నువ్వు ఓ కాగితం ముక్క రాసుకోలేవా?" అన్నాడు.

ఆ ఆదివారం కూర్చున్నాను. వికలాంగుడికి పనిచేసే చోట తగిన సదుపాయం కల్పించాలని చట్టంలో ఉందని ఎప్పుడో పేపర్లో చదివి కత్తిరించి పెట్టుకున్నాను. అది దయ కాదు, హక్కు అని మొదలుపెట్టాను. అంతే, కలం ఆగలేదు. మేష్టారి గుండీ దగ్గర్నుంచి అన్నీ వచ్చాయి. నేను ఇంటినుంచి తెచ్చుకున్న స్టూలుని పెద్దాయన, "కూర్చుంటే నిద్రొస్తది" అని గొడౌన్లో వేయించిన సంగతి రాశాను. స్టాఫంతా ఫొటో దిగినప్పుడు కర్ర కనపడకూడదని నన్ను లారీ టైరు వెనక నిలబెట్టింది రాశాను. వానాకాలం తడి మెట్ల మీద జారిపడితే, ముందు పుస్తకం తడిసిందేమోనని చూసుకున్న మేనేజరు గురించి ఒక పేజీ నిండా రాశాను. మొత్తం ఏడు కాగితాలు. చదువుకుంటే నాకే గర్వంగా అనిపించింది. మర్నాడు ఆఫీసులో ఇచ్చాను.

ఇప్పుడు స్టోరేజీ చూసుకునేది ఆ పెద్దాయన మనవరాలు. ముప్పై ఏళ్ళుంటాయి. మూడు రోజులు ఏమీ అనలేదు. ఆ మూడు రోజులూ నేను మెట్లెక్కుతూనే ఉన్నాను, ప్రతి మెట్టు మీదా ఎనిమిదో కాగితం మనసులో రాసుకుంటూ. నాలుగో రోజు కబురు పంపింది. తోడుగా మేస్త్రీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కూర్చో బాబాయ్" అంది. నా కాగితాలు ఆమె ముందే ఉన్నాయి. "రెండుసార్లు చదివాను. మా తాత స్టూలు లాగేసుకున్నాడని ఇప్పుడే తెలిసింది. చానా బాధేసింది. ఇంతకీ నీకేం కావాలి బాబాయ్?"

"అందులో రాశానమ్మా."

"లేదు."

కాగితాలు ఇటు తిప్పింది. మొదటిది చూశాను. చివరిది చూశాను. మధ్యవన్నీ చూశాను. మేష్టారున్నాడు, టైరుంది, చట్టముంది. నాకేం కావాలో మాత్రం ఎక్కడా లేదు. గుమ్మంలో మేస్త్రీ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మా అరుగు మీద నా చేత తిట్లు తిన్నవాళ్ళలో వాడూ ఒకడు మరి.

ఆమె మాత్రం నవ్వలేదు, ఎదురుచూసింది.

"మెట్లు ఎక్కలేనమ్మా" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు ఇంత వయసు పట్టింది. "పని మాననమ్మా. మెట్లే ఎక్కలేను."

"అసలు నువ్వు ఎక్కేది ఎందుకు?"

"నంబరు చదవటానికి."

"వీళ్ళకి రాదా చదవటం?"

"నేను టెన్త్ పాసయ్యానమ్మా," అన్నాడు మేస్త్రీ. "మా జట్టులో ఇంటర్ చదివినోళ్ళు కూడా ఇద్దరున్నారు."

నాకు ఒళ్ళు మండింది. "ఒరేయ్, మరిన్నాళ్ళూ చెప్పవేందిరా?"

"చెప్పనిస్తేగా మామా! ఓసారి పైన నంబరు చదివితే, 'నీకేం తెలుసురా' అని కర్రెత్తావు. అప్పట్నించి నోరు మూసుకున్నా."

ఎత్తాను. అదీ గుర్తుంది, కాకపోతే ఏడు కాగితాల్లో అది రాయలేదు. చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అన్న మాట ఎప్పుడో అబద్ధమైపోయింది. నేనే దాన్ని పట్టుకుని వేలాడాను, ఈ కాలితో మెట్లెక్కుతూ.

ఆ సాయంత్రమే మెట్ల మొదట్లో ఒక బల్ల వేశారు. చేతులున్న కుర్చీ కూడా వేశారు. లోపల గోడలు మందం కాబట్టి ఫోన్లు పలకవు. అందుకని మేస్త్రీ పైనుంచి నంబరు కేకేస్తాడు, నేను పుస్తకం చూసి తిరిగి చెబుతాను, అప్పుడే దించుతారు. ఫైల్లోకి ఒక్క ముక్క రాసిమ్మంది ఆ అమ్మాయి. "నేను మెట్లు ఎక్కలేను. నంబర్లు కిందికి చెప్పించగలరు" అని రాసిచ్చి, ఆ ఏడు కాగితాలు తిరిగిమ్మన్నాను.

"ఇవ్వను బాబాయ్. మా తాత గురించి ఇంట్లో ఎవరూ ఇట్టా చెప్పలేదు" అని సొరుగులో పెట్టేసుకుంది.

రెండో వారంలో మేస్త్రీ పైనుంచి, "అరవై ఆరు!" అని కేకేశాడు.

"అరవై ఆరు మొన్న బుధవారమే పోయిందిరా. టిక్కీ తిరగేసి చూడు!"

టిక్కీ దొర్లించిన చప్పుడైంది. తర్వాత చిన్నగా వినపడింది. "తొంభై తొమ్మిది మామా. తలకిందులుగా పెట్టారు."

ఆఫీసు కిటికీలోంచి ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. నేను మొహం గంభీరంగానే పెట్టుకున్నాను గానీ, ఆ పూట మా ఆవిడ వండిన వంకాయకూరకి వంక పెట్టలేదు.

స్టూలు విషయంలో మాత్రం నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. అది ఇంకా గొడౌన్లోనే ఉందట. తెప్పించమంటావా అని అడిగింది ఆ అమ్మాయి. తెప్పించమన్నాను. ఇప్పుడు దాని మీద నా ఎడమకాలు పెట్టుకుని కూర్చుంటున్నాను.

"మామా, ఉన్నావా?" అంటాడు మేస్త్రీ రోజూ పైనుంచి, మొదటి నంబరు చెప్పే ముందు.

"ఎక్కడికి పోతానురా? చెప్పు."