గొట్టానికి పీచు చొక్కా

మొన్న బాల్కనీలో కుండీల కోసం కొబ్బరిపొట్టు దిమ్మ ఒకటి కొన్నాను. ఇటుకంత దిమ్మకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, మీద రంగుల బొమ్మ కూడా వేశారు. మా అల్లవరం వైపు దొడ్లో పారబోసే పొట్టును కొనుక్కుని మోసుకొచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ బకెట్టు నీళ్ళలో వేశాను. అది నీళ్ళు తాగి తాగి ఉబ్బి, కాసేపటికి ఇల్లంతా నానిన పీచు వాసన వేసింది. కొందరికి ఆ వాసన హాయిగా ఉంటుందట. నాకు మాత్రం ఇప్పటికీ గుండెల్లో దడ పుడుతుంది.

తొంభైల చివర నేను ఆరో తరగతి చదువుతున్నాను. మా నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. మా తాతగారు ఇటుకలకు సిమెంటు బదులు మట్టి అడుసు పెట్టి కట్టించిన పెంకుటిల్లు మాది. దాని వెనక నాన్నగారు స్నానాలగది వేయించి, ఆ శ్లాబు మీద నీళ్ళతొట్టి కట్టించి, తొట్టి నుంచి వంటింటి దాకా దక్షిణం గోడకు బయటివైపున ప్లాస్టిక్ గొట్టం లాగించారు. కుళాయి తిప్పితే వంటింట్లో నీళ్ళు పడుతుంటే మా అమ్మ చుట్టపక్కాలందరినీ పిలిచి చూపించింది. అయితే ఆ మురిపెం వేసవి దాకానే. మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలేది, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి గొట్టం బిగించిన మేకులు తుప్పుపట్టేవి, ఏప్రిల్ ఎండకు గొట్టం పెళుసెక్కి ఒకరోజు నిలువునా పగిలి పెరడంతా బురద చేసింది.

ఆ రోజుల్లోనే నాన్నగారు మాకు పాఠంలో, చలిదేశాల్లో బయటి గోడల్లో ఉన్న నీళ్ళ గొట్టాలు శీతాకాలం ఎందుకు పగిలిపోతాయో చెప్పారు. గడ్డకట్టిన నీరంటే మాకు తెలిసింది రెండే, పుల్లైసు, రొయ్యల పెట్టెల్లో పోసే ఐసు. మా ముఖాలు చూసి ఆయన మర్నాడు రొయ్యల ఐసు ఒక థర్మాకోల్ పెట్టెడు తెప్పించి, అందులో ఉప్పు బాగా కలిపి, నిండా నీళ్ళుపోసి బిరడా బిగించిన గాజుసీసాను దాని మధ్యలో పాతిపెట్టారు. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టబోయే ముందు పెట్టెలో ఠప్పుమంది. సీసా పగిలి, లోపలి నీళ్ళు సీసా ఆకారంలోనే తెల్లగా నిలబడి ఉన్నాయి. అలా పగలకుండా అక్కడివాళ్ళు గొట్టాలకు మందంగా బట్ట చుడతారని ఆయన చెప్పినప్పుడు మేమంతా నోళ్ళు తెరుచుకుని విన్నాం.

ఆ పాఠం మాకంటే ఎక్కువగా ఆయనకే తలకెక్కింది. చలికి పనికొచ్చేది ఎండకు మాత్రం ఎందుకు పనికిరాదని, ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే ప్యాంటు మడిచి గోడ దగ్గర కూర్చున్నారు. కొత్త గొట్టానికి ముందు దట్టంగా కొబ్బరి పీచు పరిచి, దాని మీద గోనెపట్టా చుట్టి, పైన కొబ్బరితాడు వరసగా బిగించారు. నేను తాడు ఉండ పట్టుకుని ఆయన వెనకే జరిగాను. నిజంగానే నీళ్ళు చల్లబడ్డాయి. దారినపోయేవాళ్ళు ఆగి, “మాస్టారు గొట్టానికి చొక్కా తొడిగేరండోయ్” అని వేళాకోళం చేస్తే, “ఆయ్, తొడిగేనండి. మీ ఇంటికీ కుట్టమంటారా?” అనేవారు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అరుదుగా చూశాను.

గోడకు ఆ పక్క గొట్టమైతే, ఈ పక్క మామ్మ మంచం. మామ్మంటే నాన్నగారి తల్లి. అంతకు ముందు ఏడాది పెరట్లో జారిపడి తుంటి విరిగి మంచాన పడింది. తెల్లచీర, పెద్దక్షరాల బైబిలు, తలగడ కింద వాము పొట్లం ఆమె ఆస్తి. చూపు మందగించిందేమో కానీ చెవులు మాత్రం పాము చెవులు. వీధిలో సైకిలు గొలుసు చప్పుడు విని వచ్చేదెవరో చెప్పేది. కొబ్బరికాయ రాలితే అది మా చెట్టుదో పక్కవాళ్ళదో చెప్పేది, అమ్మ వెళ్ళి చూస్తే అలాగే ఉండేది.

అక్టోబరు సెలవుల్లో పెరట్లో ఆడుతుంటే నా రబ్బరు బంతి పెంకుల మీద చిక్కుకుంది. నిచ్చెన తెచ్చుకునే ఓపిక నాకెక్కడిది? గొట్టం వంపు తిరిగేచోట కాలు పెట్టి పైకెగబాకాను. కాలి కింద కటుక్కుమంది. బంతి చేతికొచ్చింది, ప్రాణం పోయినంత పనైంది. తాడు వదులు చేసి చూస్తే వంపు దగ్గర సన్నని బీట, అందులోంచి దారంలా నీళ్ళు. నాన్నగారి చేతి దెబ్బకు నేనెప్పుడూ భయపడలేదు, ఆయన ముఖం చిన్నబోతుందేమోనని భయపడ్డాను. జడ రిబ్బను ఊడదీసి బీట మీద బిగించి, గుప్పెడు పీచు కుక్కి, పైన గోనె యథాప్రకారం కట్టేశాను. ఒక్క చుక్క కూడా కింద పడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చుక్క ఎందుకు పడుతుంది? పీచు తాగినంత తాగి, మిగిలింది మట్టి అడుసు గోడకు పట్టిస్తోంది. వారం తిరక్కుండా మామ్మ అంది, “గోడలో నీళ్ళు పారుతున్నాయర్రా.” నాన్నగారు బయటికెళ్ళి గోనె తడిమారు. పైన ఎండకు గరగరలాడుతోంది. “ఏవీ లేదమ్మా” అన్నారు. లోపల సున్నం మీద ఉప్పు పొంగింది కానీ మా ఊళ్ళో ఉప్పు పొంగని గోడ ఏదీ? మామ్మ ఊరుకోలేదు. పొద్దున్న, మధ్యాహ్నం, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ అదే మాట. చూడటానికి వచ్చినవాళ్ళు బయటికొచ్చాక అమ్మతో, “పెద్దావిడకి మతి తప్పుతోందండి” అనేవారు. ఊళ్ళో డాక్టరుగారు వచ్చి, ఈ వయసులో మామూలేనండి అని, మత్తుబిళ్ళలు రాసిచ్చి వెళ్ళారు.

నేను అదంతా గుమ్మం పక్కనుంచి వింటూనే ఉన్నాను. చెప్పాలని రోజూ అనుకునేదాన్ని, రోజూ రేపటికి వాయిదా వేసేదాన్ని.

డిసెంబరు వచ్చింది. వంటింట్లో క్రిస్మస్‌కు అరిసెల పాకం పడుతున్నారు, బెల్లం వాసన, నెయ్యి వాసన, బయట వాయుగుండం పట్టి రెండ్రోజులుగా విడవని వాన. మామ్మ నన్ను పిలిచి గొంతు తగ్గించి అడిగింది, “బుల్లీ, నువ్వు చెవి పెట్టి చూడవే. నీకేవన్నా వినపడతందా? నాకే మతి పోయిందేమోనే.” గోడకు చెవి ఆనించాను. చల్లగా తగిలింది. లోపల సన్నగా, విడవకుండా, బుసబుసమని నీరు. ఆమె కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి.

“లేదు మామ్మా” అన్నాను.

ఆ మధ్యాహ్నం అమ్మ ఇచ్చిన బిళ్ళను మామ్మ మొదటిసారి మారుమాట లేకుండా మింగింది. అంతకుముందు ఉమ్మేసేది.

మర్నాడు బడికి బయల్దేరుతూ చూస్తే మంచం పైన గోడ పూరీలా పొంగి ఉంది. మామ్మ మత్తులో ఉంది, మంచం కదపటం అమ్మ ఒక్కదాని వల్ల కాదు. వానలో బడిదాకా పరుగెత్తి, తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి, అంతమంది ముందు, “నాన్నగారండీ, గొట్టం నేనే విరగ్గొట్టేను, మామ్మ చెప్పింది నిజమే” అని ఏడ్చాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తారు. ఇంటికి చేరి ఆయనా అమ్మా మంచం చెరోవైపు పట్టుకున్నారు. గుమ్మంలో మంచంకోడు ఇరుక్కుంది. పైన పెంకులు కిరకిరమంటున్నాయి. “వంచండి, వంచండి” అని అమ్మ అరుస్తోంది. వంచి వసారాలోకి లాగారు. మామ్మ నీళ్ళచెంబు తేవటానికి నేను వెనక్కి వెళ్ళబోతే అమ్మ నా జడ పట్టి ఆపింది. అప్పుడే గోడ నడుం విరిగినట్టు కూలింది. మంచం ఉన్నచోట మట్టి, ఇటుకలు, పెంకులు మోకాలెత్తున పడ్డాయి.

వాన వెలిశాక నాన్నగారు విరిగిన గొట్టం మీది పీచు ఒలిచి, అందులోంచి నా రిబ్బను తీశారు. నన్ను కొట్టలేదు. దాన్ని పిండి నా చేతిలో పెట్టి, మామ్మ దగ్గరికెళ్ళి, “తప్పయిపోయిందమ్మా” అన్నారు. నేనూ చెప్పాను. మామ్మ నా తల నిమిరి, “పోనీలేవే, పిల్లముండవి” అంది.

క్షమించేసింది. కానీ ఆ తర్వాత బతికిన రెండేళ్ళూ సైకిలు చప్పుడు విని పేరు చెప్పటం మానేసింది. గేటు చప్పుడైతే, “గేటేనా అది? నిజంగా?” అని అడిగేది. కాయ రాలితే మా ముఖాల వంక చూసేది. “అవును మామ్మా, మన చెట్టు కాయే” అని నేను పరుగెత్తుకెళ్ళి తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. తడిమి చూసుకుంటే గానీ నమ్మేది కాదు. తన చెవుల మీద ఆమెకున్న నమ్మకాన్ని నేనే పోగొట్టాను.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ పెరడు రొయ్యల చెరువులో కలిసింది. ఈ ఫ్లాటులో గొట్టాలన్నీ గోడల లోపలే, చొక్కాలు తొడిగే పని లేదు. బకెట్లో పొట్టు పూర్తిగా నానింది. చేతులు కడుక్కుని, వంటింటి గోడకు ఒకసారి చెవి ఆనించాను. పై అంతస్తులో ఎవరో కుళాయి తిప్పినట్టున్నారు, నీళ్ళు పారుతున్నాయి.

వినపడుతోంది మామ్మా.