కళ్ళు మూసుకుని గెలవబోయిన వాదన

ఆ రోజుల్లో దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణేనని నా గట్టి నమ్మకం. (దేవుడు అడిగిందీ లేదు, పెట్టిందీ లేదు.) కండ్లకోయ దగ్గర ఇంజనీరింగు కాలేజీలో కొత్తగా లెక్చరరుగా చేరాను. మేడ్చల్ నుంచి కాలేజీ బస్సులో వస్తూ, నాస్తికుల నోళ్ళు మూయించే వీడియోలు ఫోన్లో చూసి, స్టాఫ్‌రూమ్ చేరేసరికి మహా పండితుణ్ణయిపోయేవాణ్ణి. అక్కడి మేధావులూ తక్కువవాళ్ళేం కాదు. "సైన్సు ఒప్పుకోదు" అని నన్ను వెక్కిరించి, ఆ నోటితోనే ప్లాటు రిజిస్ట్రేషన్‌కు రాహుకాలం లేని గంట ఏదో కనుక్కునేవాళ్ళు. వాళ్ళ గొడవ నాకెందుకు? నా గురి అంతా అదే స్టాఫ్‌రూమ్‌లో కూర్చునే లెక్కల సారు మీదే. నాకు చదువు చెప్పి, ఆ ఉద్యోగం ఇప్పించిన మనిషి. దేవుడు లేడని ఆయన నవ్వుతూ అంటుంటే, ఈయన ఎక్కడ నరకానికి పోతాడోనని నాకు నిజంగానే దిగులుగా ఉండేది. షామీర్‌పేట చెరువు దగ్గర జరిగే మా చర్చి సంఘం కూడికకు ఆయన్ను పిలిచి, తీసుకొస్తానని మైకులో చెప్పేశాను కూడా. ("స్తోత్రం!" అని అందరూ అరిచారు. ఇక వెనక్కి ఎలా పోను?)

ఒక మధ్యాహ్నం అందరం అన్నం డబ్బాలు విప్పుకున్నాం. "తమ్మీ, మీ దేవుడు గంత మంచోడైతే పసిపిల్లలకు రోగాలెందుకిస్తాండు? గిది జెప్పు" అన్నారు సారు. బస్సులో చూసిన వీడియో ఒక్కటి గుర్తొస్తే ఒట్టు! మేధావులు పళ్ళికిలించారు. అప్పుడు మా సంఘపెద్దల ఉపాయం తట్టింది. మాలో ఎవరికైనా గడ్డి పెట్టాలంటే ముఖం మీద అనరు, అందరూ కళ్ళు మూసుకున్నాక ప్రార్థనలో కలిపేస్తారు. ప్రార్థనకు ఎవరూ అడ్డు రాకూడదు కదా! "ముందు భోజనానికి ప్రార్థన చేద్దాం సార్" అని కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, ఈ అన్నం కోసం స్తోత్రం. నాలుగు లెక్కలు రాగానే నిన్నే ప్రశ్నించే గర్విష్ఠులను క్షమించు. రాహుకాలం చూసుకునే శాస్త్రజ్ఞుల కళ్ళు తెరువు..." గొంతు లేచింది. ఆదాము నుంచి అంత్యతీర్పు దాకా అన్నీ వచ్చాయి, జవాబొక్కటి తప్ప.

కళ్ళు తెరిచేసరికి మేధావులు తినేసి డబ్బాలు కడుక్కుంటున్నారు. సారు మాత్రం మెతుకు ముట్టకుండా ఎదురుగా కూర్చుని ఉన్నారు. "అయిందా తమ్మీ? గిప్పటిదాంక ఆయనతోని మాట్లాడినవా, నాతోనా?"

సిగ్గుతో చచ్చాను. "మీతోనే సార్" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. "నిజం జెప్పినవ్. ఇగ మీ కూడికకు వస్త తియ్యి. గని నువ్వు మాత్రం ప్రార్థన జెయ్యకు."

అన్నట్టే వచ్చారు. ఈ సంగతేమీ తెలియని మా పాస్టరుగారు భోజనాల ముందు నన్నే లేపారు. "సారును తెచ్చిన తమ్ముడే ప్రార్థించాలె!" సంఘమంతా కళ్ళు మూసుకుంది. సారు మాత్రం తెరిచిన కళ్ళతో నన్నే చూస్తున్నారు. "ప్రభువా, ఆ పసిపిల్లల సంగతి నాకు తెలియదు. సారు వచ్చినందుకు స్తోత్రం. ఆమేన్" అని కూలబడ్డాను.

"గిది నాతోని మాట్లాడింది కాదు" అన్నారు సారు మెల్లగా. తర్వాత సుష్టుగా భోంచేసి వెళ్ళారు. దేవుణ్ణి నమ్మలేదు, నేటికీ నమ్మరు. నాకిప్పుడు బట్టతల వచ్చింది, సంఘపెద్దనయ్యాను, గంటసేపు ప్రార్థిస్తానని చుట్టుపక్కల మంచి పేరు కూడా ఉంది. అంత పొట్టి ప్రార్థన మాత్రం మళ్ళీ చేతకాలేదు.